నాలుగు పడితే పంతొమ్మిది అన్నాడు

ఇబ్రహీంపట్నంలో మజీద్ గురించి ఎవరినడిగినా ముందు చెప్పే మాట ఒక్కటే: కొలతలో మనిషి కచ్చితం. ఆదిభట్లలో విమానాల విడిభాగాలు చేసే ఒక కర్మాగారంలో అతనిది తనిఖీ పని. వెంట్రుకవాసి తేడా ఉన్నా సరే, ముక్క పనికిరానివి వేసే ఎర్ర డబ్బాలో పడాల్సిందే. సూపర్‌వైజర్ బతిమాలినా, పైవాడు కళ్ళెర్రజేసినా కాగితం మీది అంకె మారదు. పదకొండేళ్ళ నౌకరీలో ఒక్క తప్పుడు అంకె రాయలేదు. అలాంటి మనిషి ఒక ఆదివారం మధ్యాహ్నం, సొంత రేకుల షెడ్డులో, తల్లి వయసున్న మనిషి ఎదుట కూర్చుని తప్పుడు అంకె చెప్పాడు. దేనికయ్యా అంటే, ఒక ఆటకు! నవ్వేవాళ్ళు ఇప్పుడే నవ్వేయండి. తర్వాత నవ్వు రాదు.

ఆ షెడ్డు మజీద్ తండ్రి అబ్దుల్ కరీంది. ఇత్తడి గిన్నెలకు కళాయి పూసేవాడాయన. చుట్టుపక్కల పల్లెలన్నీ సైకిల్ మీద తిరిగి గిన్నెలు పోగేసుకొచ్చి, ఆ షెడ్డులో కొలిమి ముందు కూర్చునేవాడు. "తగరంల సీసం కలిపినా గిన్నె గట్లనే మెరుస్తది బేటా. తిన్నోళ్ళకు ఎన్కకు తెలుస్తది" అనేవాడు కొడుకుతో. స్టీలు గిన్నెలొచ్చి ఆయన పని మూలపడింది. మజీద్ ఐటీఐ చదివి ఉద్యోగంలో చేరాడు. తండ్రి చూపు తగ్గి ఇంటిపట్టున కూర్చున్నాడు. ఖాళీ షెడ్డులో కొడుకు ఒక బల్ల, ఐదు ప్లాస్టిక్ కుర్చీలు వేశాడు.

ఆట సంగతి చెప్పాలి. కంపెనీ బస్సులో పక్క సీటు రత్నాకర్ నేర్పించాడు దాన్ని. ఇందులో గళ్ళుండవు, కాయలుండవు. ఒకరు కథ నడుపుతారు. మిగిలినవాళ్ళు కథలో తలా ఒక మనిషిని తీసుకుంటారు. ఒకరు సిపాయి, ఒకరు వైద్యురాలు, ఎవరిష్టం వాళ్ళది. నడిపేవాడు "మీ ముందల నది ఉన్నది, ఎన్కనుంచి గుర్రాల చప్పుడొస్తున్నది, ఇప్పుడు ఏం చేస్తరు?" అని అడుగుతాడు. వాళ్ళు తమ మనిషి ఏం చేస్తాడో చెప్తారు. ఆ పని అవుతుందా కాదా అన్నది తేలకపోతే ఇరవై ముఖాల పాచిక వేస్తారు. ఆడేవాళ్ళు అందరికీ కనిపించేలా స్టీలు పళ్ళెంలో వేస్తారు. నడిపేవాడు మాత్రం తన ముందు నిలబెట్టుకున్న అట్ట చాటున వేస్తాడు. అక్కడ ఏం పడిందో అతను చెప్పిందే వేదం.

మొదటి రోజే మజీద్ ఒక మాట ఇచ్చాడు. "మీ మనిషి మీది. వాని చేతుల ఏం చేపియ్యాల్నో నేను చెప్ప. లోకం ఎట్లున్నదో నేను చెప్త, గంతే" అన్నాడు. ఎవరూ అడక్కుండానే అన్నాడు. ఇచ్చిన మాట ఎవరూ అడక్కుండా ఇచ్చిందైతే దాని బరువు రెండింతలు.

ఆటకు వచ్చేవాళ్ళు ముగ్గురు. ఒకడు దుర్గేష్, కర్మాగారంలో మజీద్ కింద పనిచేస్తాడు. కోస్తా నుంచి వచ్చి సాగర్ రోడ్డు పక్క వెంచర్‌లో ఇల్లు కట్టుకున్న కుటుంబం వాళ్ళది. ఇంకొకరు సాయిశ్రీ, ఇక్కడే ఒక ఇంజినీరింగ్ కాలేజీలో ల్యాబ్ చూసుకుంటుంది. మూడో మనిషి దుర్గేష్ తల్లి తాయారు.

తాయారు ఆడటానికి రాలేదు. ఒక ఆదివారం కొడుకు మరచిపోయిన పునుగుల డబ్బా ఇవ్వడానికొచ్చింది. "ఏంట్రా ఇది, పట్టపగలు జూదమా?" అని గుమ్మంలోనే నిలబడి అడిగింది. కాదని వివరించి కుర్చీ వేశాడు మజీద్. కాసేపు విని, "నన్నూ ఆడనిస్తారా?" అంది. పడవ నడిపే మనిషిని తీసుకుని రేవమ్మ అని పేరు పెట్టుకుంది. గోదావరి లంకలో పుట్టిన మనిషి, ఇంకేం తీసుకుంటుంది! ఆనాటి నుంచి ఏ ఆదివారమూ తప్పలేదు. నోట్లో నాలుక లేని మనిషి అని వెంచర్‌లో అందరూ అనుకునే తాయారు, ఆ బల్ల ముందు కూర్చుంటే మాత్రం గొంతు పెగిలేది. ఒకసారి తనే చెప్పుకుంది. "ముప్ఫైమూడేళ్ళ కాపురంలో కూరేం వండమంటారని నేను అడగడమే గానీ, నువ్వేం చేస్తావు తాయారూ అని నన్నెవరూ అడగలేదు బాబూ. ఇక్కడ అడుగుతున్నారు."

భర్త వెంకటసుబ్బారావు చెడ్డవాడేమీ కాదు. రిటైరైన మనిషి, పేపరు, నడక, బీపీ మాత్ర. అన్నీ ఆయనే తేల్చేవాడు, అంతే. ఊరు వదలడం ఆయనే తేల్చాడు, ఇల్లెక్కడ కట్టాలో ఆయనే తేల్చాడు. భార్య ఏదైనా అంటే "నీకు తెలీదులే" అనేవాడు. తిట్టినట్టు కాదు, మజ్జిగ పొయ్యమన్నంత మామూలుగా.

ఇప్పుడు ఆ ఆదివారానికి వద్దాం. ఆట మొదలుకాకముందు పునుగులు తింటూ తాయారు చెప్పింది. సాయిశ్రీ కాలేజీ పక్కనున్న అమ్మాయిల హాస్టల్లో వార్డెన్ కావాలట. సాయిశ్రీ మాట్లాడిపెట్టింది. డెబ్బైమంది పిల్లలు. సోమవారం వచ్చి చేరమన్నారు.

"ఈ వయసులో నీకెందుకంటున్నారు మీ అంకుల్. మూడు రోజులు పోట్లాడాను. చివరికి నీ ఇష్టం అన్నారు. రేపు వెళ్తున్నాను" అని, తన మాటకు తనే సిగ్గుపడి నవ్వింది.

మజీద్ "మస్తు ఆంటీ" అన్నాడు. అన్నాడే గానీ మనసు అక్కడ లేదు. అతని మనసంతా అట్ట వెనక ఉన్న నోటు పుస్తకంలో ఉంది. పదకొండు వారాలుగా రాస్తున్నాడు దాన్ని. నల్లకోట బురుజు మీద ఆఖరి యుద్ధం, చెరలోంచి విడిపించిన, దేశపటాలు గీసే ముసలాయన అందరి ముందూ నోరు విప్పి ఆ కోటనేలే దొర తన కన్నకొడుకేనని చెప్పడం, ఆ ముసలాయన మాటలు ఐదు పేజీలు. బస్సులో పోతూ పెదాలు కదుపుతూ వల్లించుకున్నాడు. మెహెక్ ఎదుట, అంటే భార్య ఎదుట, రెండుసార్లు నటించి చూపించాడు. ఆ రోజు ఆ ఐదు పేజీలు వినిపించాలి. ప్రపంచం తలకిందులైనా వినిపించాలి!

కథ నది ఒడ్డుకు వచ్చింది. ముసలాయన్ని చెరలోంచి విడిపించి అక్కడికి తెచ్చారు. ఎదురుగా కొండ మీద కోట. దుర్గేష్, సాయిశ్రీ కోటలోకి దూరుతామన్నారు. మజీద్ తాయారు వైపు తిరిగాడు.

"నేను కోటకు రాను" అంది తాయారు. "ముసలాయన దొరికాడు కదా! ఈయన్ని పడవెక్కించి అవతలి ఒడ్డుకు దాటిస్తాను. ఇంటికి పోనీ పాపం."

"అమ్మా, యుద్ధం కోటలో ఉందమ్మా!" అన్నాడు దుర్గేష్.

"నువ్వెళ్ళి చెయ్యరా. నా పడవ నాది."

మజీద్ నోటు పుస్తకం వైపు చూశాడు. ముసలాయన వెళ్ళిపోతే ఐదు పేజీలూ పోయినట్టే. "వరద గట్టిగున్నది ఆంటీ. సుడులున్నయ్. ఆలోచించుండ్రి" అన్నాడు.

"సుడి పక్కనే ఊరకుండే నీళ్ళుంటాయి బాబూ. ఎదురెళ్ళకూడదు, ఏటవాలుగా జారాలి. చిన్నప్పుడు మా నాన్న పక్కన కూర్చుని ఎన్ని వరదలు దాటాను!" కళ్ళు మెరుస్తున్నాయి ఆమెకు. చేత్తో బల్ల మీద నది గీసి చూపించింది. ఆమె చెప్పింది అక్షరాలా సబబు. గోదావరి వరదను చూసిన మనిషి చెప్తుంటే, చెరువు తప్ప నీళ్ళెరుగని మనిషి ఏం కాదనగలడు?

సరే, పాచిక. పడవకు ఆమె వెయ్యాలి, నదికి అతను వెయ్యాలి, ఎవరిది ఎక్కువైతే వాళ్ళది గెలుపు. తాయారు పాచికను రెండు అరచేతుల మధ్య రుద్ది పళ్ళెంలో వదిలింది. పదిహేడు! సాయిశ్రీ ఈల వేసింది. మజీద్ అట్ట చాటున వేశాడు. నాలుగు పడింది.

నాలుగే. స్పష్టంగా, నల్లటి నాలుగు. చూశాడు. నోటు పుస్తకం తెరిచి ఉంది, ముసలాయన మొదటి వాక్యం కనిపిస్తోంది.

"పంతొమ్మిది" అన్నాడు.

పడవ తిరగబడింది. దొర సిపాయిలు ముసలాయన్ని నీళ్ళలోంచి లాగి కోటకు తీసుకుపోయారు. రేవమ్మ ఒడ్డున పడింది. తాయారు కాసేపు పళ్ళెంలోని పదిహేడు వైపు చూస్తూ కూర్చుంది. "పోనీలే బాబూ. నేనే తొందరపడ్డాను. నాకు తెలీదనే కదా ఆయనెప్పుడూ అనేది" అంది.

అప్పుడు చెప్పొచ్చు. నోరు తెరిచి, చూసింది తప్పు ఆంటీ, నాలుగు పడ్డదని ఒక్క ముక్క అంటే అయిపోయేది. అనలేదు. కోట యుద్ధం నడిచింది. ఐదు పేజీలూ వినిపించాడు. గొంతు వణకాల్సినచోట వణికించాడు కూడా. దుర్గేష్ చప్పట్లు కొట్టాడు. ఆఖర్న రేవమ్మ ఏం చేస్తుందని అడిగితే తాయారు మెల్లగా, "నువ్వే చెప్పు బాబూ, ఏం చేస్తే బాగుంటుందో" అంది. అంతకుముందు ఒక్కనాడూ ఆమె నోట ఆ మాట రాలేదు. మజీద్ ఏదో చెప్పాడు, ఏం చెప్పాడో అతనికే గుర్తు లేదు.

పై ఆదివారం తాయారు రాలేదు. పునుగుల డబ్బా వచ్చింది.

"ఆంటీ ఏది?" అని అడిగాడు మజీద్.

సాయిశ్రీ ముఖం ముడుచుకుంది. "సోమవారం హాస్టల్‌కు కూడ రాలే అన్న. నేను గేటు కాడ పది దాక నిలవడ్డ. ఫోన్ చేస్తే ఏమన్నదో ఎర్కేనా? 'ఒక ముసలాయన్ని ఒడ్డు దాటించలేకపోయాను, డెబ్బైమంది ఆడపిల్లల్ని ఏం చూసుకుంటానమ్మా, ఆయన చెప్పిందే నిజం' అన్నది. గురువారం వేరేటామెను పెట్టుకున్నరు."

"మా అమ్మ అంతే. ఆటని మరీ నిజం అనుకుంటుంది" అని దుర్గేష్ నవ్వాడు.

మజీద్ తేలు కుట్టిన దొంగలా ఉండిపోయాడు. చేతిలోని పునుగును తిరిగి డబ్బాలో పెట్టేశాడు. తలనొప్పి అని చెప్పి ఆట ఎత్తేశాడు.

సోమవారం కర్మాగారంలో ఒక ముక్కను మూడుసార్లు కొలిచాడు. మూడుసార్లూ ఒకటే అంకె వచ్చింది. రాయబోతే చెయ్యి ఆగింది. ఈ ఇనప ముక్కకు ఇచ్చిన ఇజ్జత్ ఆ తల్లికి ఇవ్వకపోతిని కదా అనిపించింది. పక్కన ఎవరో "ఈమధ్య ఎవడో దొంగలెక్కలు రాస్తున్నడంట" అని వేరే సెక్షన్ సంగతి మాట్లాడుకుంటుంటే ఇతను ఉలిక్కిపడ్డాడు. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టయింది. సీసం కలిపిన కళాయి గురించి తండ్రి అనే మాట చెవిలో జోరీగలా తిరిగింది. తండ్రి ఎదుట కూర్చుని అన్నం తినలేకపోయాడు. చూపు ఆనని తండ్రి ముఖం కూడా తనను చూస్తున్నట్టే ఉంది.

మంగళవారం మెహెక్ నిలదీసింది. "ఏమైంది నీకు? రెండు దినాలసంది చూస్తున్న, పాలు పొంగినా పలుకుతలేవు." మొత్తం చెప్పాడు. ఆమె విని, కుండ బద్దలుకొట్టినట్టు చెప్పింది. "పోయి ఉన్నదున్నట్టు చెప్పు. మాఫీ అడుగు. గంతకన్న ఒక్కటి కూడ ఎక్కువ చెయ్యకు. నీకు ఆగుడు చేతకాదు, నాకెరుక."

ఆ మాట విని ఉంటే బాగుండేది. కానీ ఆ ఇంటి పద్ధతి ఒకటుంది. ఎవరింటికైనా పోతే ఒట్టి చేతులతో పోకూడదు. మాఫీ అడగడానికైతే అసలే పోకూడదు. గిన్నె మీద కళాయి సరిగ్గా పట్టకపోతే తండ్రి మళ్ళీ పూసి, పైనుంచి పావుకిలో ఖర్జూరాలు పట్టుకెళ్ళి ఇచ్చేవాడు. ఖర్జూరాలతో పోయే తప్పా ఇది? ఏం పట్టుకెళ్ళాలి? ఆలోచించి ఆలోచించి బుధవారం సగం రోజు సెలవు పెట్టాడు, నేరుగా ఆ హాస్టల్‌కు పోయాడు.

మేనేజర్ దయాకర్ మంచివాడే, విన్నాడు. "ఇప్పుడైతే నిండిపోయింది. జూన్ల ఇంకో బిల్డింగ్ తెరుస్తున్నం. ఆమె వస్తనంటే పేరు రాసుకుంట. వస్తదా?" అన్నాడు.

"వస్తది సార్. రాసుకోండ్రి" అన్నాడు మజీద్.

దయాకర్ రాసుకున్నాడు. మజీద్‌కు నాలుగు రోజుల్లో మొదటిసారి ఊపిరి ఆడింది. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నాడు పాపం, ఆ ఆకులూ నిప్పుల మీద నుంచే తీశాడని తెలియలేదు.

ఆ సాయంత్రమే వెంచర్‌లోని ఇంటికి వెళ్ళాడు. వెంకటసుబ్బారావు వరండాలో పేపరు చదువుతున్నాడు. తాయారు బెండకాయలు తరుగుతోంది. దుర్గేష్ షిఫ్టులో ఉన్నాడు.

"రా బాబూ, కూర్చో. టీ పెడతాను" అని లేవబోయింది.

"వద్దు ఆంటీ. మీరు కూసోండ్రి. ఒక మాట చెప్పాలె." నిలబడే చెప్పాడు. నాలుగు పడింది, పంతొమ్మిది అన్నాను అని చెప్పాడు. "మీరు గెలిచిన్రు. పడవ దాటింది. మీరు చెప్పిన తొవ్వ సక్కటిదే. నేనే నా కథ కోసం ముంచిన. మాఫ్ చెయ్యుండ్రి."

వెంకటసుబ్బారావు పేపరు దించి పకపకా నవ్వాడు. "ఓరినీ, దీనికా ఇంత ముఖం పెట్టావు! ఆటన్నాక తొండి ఉండదటయ్యా?"

తాయారు నవ్వలేదు. కత్తిపీట పక్కకు జరిపింది. "అయితే నది దాటడం నాకు తెలుసన్నమాట" అంది.

"అవ్ ఆంటీ."

"ఆ పూటే చెప్పుంటే సోమవారం వెళ్ళేదాన్ని."

ఆమె కోప్పడితే బాగుండును, తిడితే బాగుండును. అలాంటివేవీ లేక, ఆ మాట అలా గాల్లో ఉండిపోయింది. మజీద్ తట్టుకోలేకపోయాడు. తెచ్చిన ఆకు బయటకు తీశాడు. "ఫికర్ చెయ్యకుండ్రి ఆంటీ. నేను హాస్టల్‌కు పోయొచ్చిన. జూన్ల ఇంకో బిల్డింగ్ ఉన్నది. మీరు వస్తరని చెప్పిన, పేరు కూడ రాసుకున్నరు."

"ఎవరు చెప్పమన్నారు?"

అతనికి మొదట అర్థం కాలేదు. "మీ కోసమే..."

"నన్నడిగావా?" గొంతు పెద్దది చెయ్యలేదు ఆమె. కానీ వరండాలో పేపరు చప్పుడు ఆగిపోయింది. "వస్తానని నేనన్నానా? పోయినవారం నేను దాటలేనని నువ్వే తేల్చావు. ఈ వారం నేను చేరతానని నువ్వే తేల్చావు. మధ్యలో నేనెక్కడున్నాను బాబూ?"

మజీద్ చూపు వరండా వైపు తిప్పాడు.

"అదేం మాటే, అబ్బాయి నీ మంచికే కదా..." అన్నాడు వెంకటసుబ్బారావు లోపలికి తొంగిచూసి.

"మీరుండండి" అంది తాయారు. ఆ ఇంట్లో ఆ మాట అంత తిన్నగా రావడం అదే మొదలేమో, ఆయన గుమ్మంలోనే ఆగిపోయాడు. ఆమె ఆయన వైపు వేలు చూపించి మజీద్‌తో అంది. "ఈయన వద్దన్నారు. నా ముఖం మీదే అన్నారు. మూడు రోజులు పోట్లాడాను, గెలిచాను కూడా. నువ్వు వద్దన్న సంగతి నాకు తెలియనే తెలియదు. తెలియని దాంతో ఎలా పోట్లాడను? మీ ఇద్దరిలో ఈయనే నయం."

ముప్ఫైమూడేళ్ళలో మొదటిసారి పెళ్ళాం నోట తన గురించి అలాంటి మెప్పు మాట విన్న వెంకటసుబ్బారావు సంతోషించలేదు. తల దించుకున్నాడు. మజీద్ చెప్పులు వెతుక్కుంటుంటే తాయారు, "ఆ హాస్టల్‌కు నువ్వు మళ్ళీ వెళ్ళకు. ఆ పేరు ఉంచడమో తీయించడమో నేను చూసుకుంటాను" అంది. టీ పెడతానని మళ్ళీ అనలేదు.

ఆ సంగతి అయ్యి ఏడాది దాటింది. ఆదివారాల ఆట ఇప్పటికీ సాగుతోంది, సాయిశ్రీ ఇంట్లో. నడిపేది సాయిశ్రీ. మజీద్‌ను రమ్మన్నారు, అతనే పోలేదు. తండ్రి అడిగితే పని ఎక్కువుందని చెప్పాడు, అది కూడా నిజం కాదు. దుర్గేష్ రోజూ అదే కంపెనీ బస్సులో, అతని వెనక సీట్లోనే కూర్చుంటాడు. అమ్మ సంగతులు పక్కవాళ్ళతో చెప్తూ ఉంటాడు. ఆ మాటలు మొదలైతే చాలు, మజీద్ చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుంటాడు. జూన్‌లో హాస్టల్ నుంచి తాయారుకు ఫోన్ వచ్చిందట, ఆమె ఏదో చెప్పిందట. ఏం చెప్పిందో దుర్గేష్‌కు తెలుసు, సాయిశ్రీకి తెలుసు, మెహెక్‌కు కూడా తెలుసు. మజీద్‌కు మాత్రం తెలియదు. అడిగే ముఖం లేదు.